పేరు లేని బొమ్మ

చిరంజీవులు బుజ్జికి, చిన్నారికి, వాళ్ల ఈడు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

రాజమండ్రి చేరి నాలుగు రోజులైంది. ప్రయాణం బడలిక తీరింది. బుజ్జీ, ముంబయి చర్చిగేటు స్టేషనులో రైలెక్కాక నువ్వు అడిగిన ప్రశ్న మాత్రం నన్ను ఇంకా వదలలేదు. “ఆ బొమ్మ ఏమిటో వేసినాయనకే తెలియకపోతే మనకెలా తెలుస్తుంది తాతయ్యా?” అన్నావు. అప్పటికి నాకు జవాబు తోచక ఊరుకున్నాను. ఇప్పుడు తోచినంత రాస్తున్నాను.

మనతో రాని పిల్లలకు ముందు సంగతి చెప్పాలి. ముంబయిలో కాలాఘోడా అనే పేట ఉంది. ఆ మాటకు నల్ల గుర్రం అని అర్థం. గుర్రం మీద కూర్చున్న ఇంగ్లండు యువరాజు విగ్రహాన్ని 1879లో అక్కడ నిలబెట్టారు. 1965లో దాన్ని తీసి బైకుల్లాలోని జంతు ప్రదర్శనశాల తోటకు తరలించారు. గుర్రం వెళ్లిపోయినా జనం ఆ చోటును దాని పేరుతోనే పిలుస్తూ వచ్చారు, యాభై ఏళ్లకు పైగా! 2017లో అక్కడ మళ్లీ ఒక నల్ల గుర్రాన్ని పెట్టారు. ఈసారి దాని మీద రౌతు లేడు.

ఆ గుర్రానికి దగ్గరలోనే జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ ఉంది. 1952లో కట్టారు. లోపలికి వెళ్లడానికి టికెట్ అక్కర్లేదు. రోడ్డు దాటితే జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల, ఇంకోవైపు పెద్ద మ్యూజియం, సందుల్లోకి తిరిగితే పాత భవనాల మేడల మీద చిన్న చిన్న గ్యాలరీలు. సంక్రాంతి వెళ్లిన రెండు మూడు వారాలకు ఆ పేటలో తొమ్మిది రోజుల కళల పండుగ జరుగుతుంది. 1999లో మొదలైంది. మేము వెళ్లింది ఆ రోజుల్లోనే. ఒకమ్మాయి ముందు నడుస్తూ మమ్మల్ని ఒక్కో గ్యాలరీకి తీసుకెళ్లింది. చివరి మేడ మీద చిత్రకారుడే తన బొమ్మల మధ్య నిలబడి మాట్లాడారు. ఆయన వెనక గోడ నిండా ఒక పెద్ద బొమ్మ. అంతా పసుపు మట్టి రంగు, కింద ఒక మూల సన్నని నీలం గీత. పక్కన చీటీ మీద రంగుల రకం, కొలతలు, సంవత్సరం అన్నీ ఉన్నాయి. పేరు ఉండవలసిన చోట పేరు లేదని రాసి ఉంది. మా బుజ్జి చెయ్యెత్తి, “ఇది ఏమిటండీ?” అని అడిగింది. ఆయన దాని ఎత్తుకు వంగి, “నీకేం కనిపించింది?” అన్నారు. దాంతో బుజ్జికి కోపం వచ్చేసింది.

పిల్లలూ, గ్యాలరీ అంటే ఏమిటో నేను నేర్చుకున్నది బొమ్మల కొలువులో. మా చిన్నప్పుడు మా వీధిలో సంక్రాంతికి పదకొండు ఇళ్లలో కొలువు పెట్టేవారు. మెట్లు మూడో, అయిదో, ఏడో, ఎప్పుడూ బేసి లెక్కే. వాటి మీద తెల్లని పంచె పరిచేవారు. గ్యాలరీ గోడలకు తెల్ల రంగు ఎందుకు వేస్తారో నాకు ఆ పంచె చూసే తెలిసింది. తెలుపు మీద పెడితే ప్రతి బొమ్మ రంగూ విడిగా తేలుతుంది. కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు, తాటిచెట్టు ఎక్కుతున్న కల్లుగీసేవాడు వరసగా ఉండేవి. పేరంటానికి వెళితే ఆ ఇంటి ఇల్లాలు, ఇది మా అమ్మ ఇచ్చింది, ఇది తిరునాళ్లలో కొన్నది, దీనికి పోయినేడు రంగు వేయించాం అని ఒక్కోటీ చూపించి చెప్పేది. మేడ మీద ఆ చిత్రకారుడు చేసిన ప్రసంగం అలాంటిదే. ఒక ఇల్లు చూసి, శనగలు తీసుకుని, ఇంకో ఇంటికి. కాలాఘోడాలోనూ మనం అలాగే తిరిగాం, శనగలు తప్ప.

బొమ్మ పక్కన గోడకు చిన్న ఎర్ర చుక్క అంటించి ఉందని చిన్నారి చూపించింది గుర్తుందా? ఆ బొమ్మను ఎవరో కొనేశారని దానికి అర్థం. ప్రదర్శన అయ్యేదాకా గోడ మీదే ఉంటుంది, తర్వాత కొన్నవారింటికి వెళుతుంది. కొలువులోనూ ఇది ఉంది. ఇంట్లో పెద్దపిల్లకు పెళ్లి కుదిరితే, ఫలానా రాధాకృష్ణుల జత దానికే అని ముందుగానే అనుకునేవారు. అయినా పండుగ వెళ్లేదాకా ఆ జత మెట్టు దిగేది కాదు.

మా వీధి చివరింట్లో ఒక మామ్మగారు ఉండేవారు. ఆవిడ కొలువుకు అయిదు మెట్లే. అట్టడుగు మెట్టు మీద, కుడి చివర, ఒక మట్టి బొమ్మ. రెండు చేతులూ విరిగిపోయాయి, మొహం మీద రంగు పూర్తిగా వెలిసిపోయింది. మెడ మాత్రం ఎవరో పిలిస్తే చూసినట్టు ఒక పక్కకు తిరిగి ఉండేది. నాకు ఎనిమిదేళ్లప్పుడు అమ్మ కొంగు పట్టుకుని వెళ్లి, “ఇదెవరు మామ్మగారూ?” అని అడిగాను. ఆవిడ శనగలు పొట్లం కడుతూ, “నువ్వే చెప్పు” అన్నారు. పాలమ్మే ఆవిడ అన్నాను. మా తమ్ముడు, మేక తప్పిపోయిన పిల్ల అన్నాడు. ఆవిడ ఇద్దరికీ తలూపారు. మరుసటి సంక్రాంతికి ముందే మా అక్క అత్తవారింటికి వెళ్లిపోయింది. ఆ ఏడు మామ్మగారు అడగకముందే, “బండెక్కి వెనక్కి చూస్తోంది” అన్నాను. ఆవిడ ఏమీ అనకుండా నా దోసిట్లో రెండుసార్లు శనగలు పోశారు.

ఆ బొమ్మ ఎవరో మామ్మగారికి తెలియదనుకోకు బుజ్జీ. కొని తెచ్చుకున్నది ఆవిడే. మొదటి ఏడే చెప్పేసి ఉంటే మరుసటేడు నేను దాని వంక చూసేవాణ్ణి కాను. మేడ మీద ఆయనకు కూడా తన బొమ్మ సంగతి తెలుసు. ఆ పసుపు కింద ఇంకో రంగు ఉందని, దాన్ని రెండుసార్లు గీకేసి మళ్లీ పూశానని, నీలం గీత ఆఖరి రోజున గీశానని చెప్పారు. అప్పటికి నువ్వు అలిగి కిటికీ వైపు తిరిగిపోయావు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే అలా తిరిగిపోకూడదమ్మా. కోపం వచ్చినా సరే, చెవి అటే ఉంచాలి.

ఇంకో సంగతి. ఆ రోజు నేను సగం మా ఊరి గురించే ఆలోచిస్తూ నడిచాను. ముంబయిలో ఫోర్టు అనే పేట దాటి, పెద్ద స్టేషను కూడా దాటితే జె.జె. కళాశాల వస్తుంది. 1857లో మొదలైన బొమ్మల బడి. మా రాజమండ్రి కుర్రవాడు, చిత్రకారుడు దామెర్ల రామారావు అక్కడే చదువుకున్నారు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొరగారు ఆయన బొమ్మలు చూసి అంత దూరం పంపించారు. 1897లో పుట్టిన ఆయన మశూచి సోకి 1925లో పోయారు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. గోదావరి ఒడ్డు నుంచి వెళ్లిన పిల్లవాడు ఆ వీధుల్లో ఏమేమి చూసి ఉంటాడో అనుకుంటూ నడిచాను.

ఆయన పేరుతో ఇక్కడ గ్యాలరీ ఉంది. నా చిన్నప్పుడు మా మాస్టారు మమ్మల్ని తీసుకెళ్లారు. అయిదు నిమిషాల్లో అన్నీ చూసేసి బయట చెట్టు కింద ఆడుకుంటున్నాం. మాస్టారు వచ్చి, ఒక్కొక్కణ్ణీ ఒక్కో బొమ్మ ముందు కూర్చోబెట్టి, పిలిచేదాకా లేవవద్దన్నారు. మొదట విసుగు. తర్వాత కాళ్లు తిమ్మిరి. ఆ తర్వాత, ఏం జరిగిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మాస్టారు రెండుసార్లు పిలిచారట, నాకు వినపడలేదు. నిన్న సాయంత్రం మళ్లీ వెళ్లాను. అదే బొమ్మ, అదే గీత. నూరేళ్ల కిందట ఎవరి చెయ్యో కాగితం మీద కదిలితే, ఇన్నాళ్ల తర్వాత ఒక ముసలివాడి గొంతుకు ఏదో అడ్డం పడడం ఎలా జరుగుతుందో నాకు తెలియదు. తెలిసినవాళ్లు ఉంటే ఉండవచ్చు. నేను మాత్రం ఊరికే నిలబడి చూశాను.

బుజ్జీ, ఆ ప్రదర్శన ఈ నెలాఖరు వరకు ఉంటుందని తలుపు దగ్గర రాసి ఉంది. ఆదివారం నాన్నను మళ్లీ తీసుకెళ్లమను. గ్యాలరీల్లో బొమ్మ నడిమధ్య భాగం నేల నుంచి సుమారు 150 సెంటీమీటర్ల ఎత్తున, పెద్దవాళ్ల కళ్లకు ఎదురుగా వచ్చేటట్టు వేలాడదీస్తారు. మీ మెడ నొప్పెట్టకుండా నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడండి. చీటీ చదవవద్దు. నాన్న ఫోను జేబులోంచి తీయవద్దు, ఫొటో తర్వాత తీసుకోవచ్చు. నీలం గీతను చూస్తూ మనసులో రెండు వందలు లెక్కపెట్టు. ముట్టుకోవద్దు, ఎంత ముద్దొచ్చినా.

దిగి వచ్చాక ఇద్దరూ నల్ల గుర్రం దగ్గరికి వెళ్లండి. దాని ఖాళీ వీపు మీద చిన్నారి ఎవరిని కూర్చోబెట్టిందో నాకు రాయమను. నువ్వూ రాయి. ఒకరిది చూసి ఒకరు రాయకూడదు.

ఇట్లు,
తాతయ్య