చల్లగా ఉంటే బిగువు, వేడెక్కితే వదులు

కొత్త మోడల్ విమానం (ఎగిరే బొమ్మ విమానం) ఇంజిన్‌కు ప్రొపెల్లర్ బిగించి చేత్తో మెల్లగా తిప్పండి. పిస్టన్ పైకొసకు చేరేసరికి గట్టిగా పట్టేస్తుంది, ఒక్కోసారి కిర్రుమంటుంది కూడా. ఏబీసీ రకంలో ఆ బిగువు లోపం కాదు, కావాలని పెట్టిందే. ఏబీసీ అంటే అల్యూమినియం పిస్టన్, ఇత్తడి స్లీవ్ (పిస్టన్ ఆడే గొట్టం), స్లీవ్ లోపలి గోడకు క్రోమ్ పూత. స్లీవ్ పైభాగం కింది భాగం కన్నా వెంట్రుకవాసి ఇరుకుగా ఉంటుంది. మంట మండేది పైనే కాబట్టి ఇత్తడి అక్కడ బాగా వ్యాకోచిస్తుంది. సిలికాన్ ఎక్కువ కలిపిన పిస్టన్ మాత్రం అంతగా పెరగదు. సరైన వేడికి వచ్చాకే రెండూ ఒకదానికొకటి అమరుతాయి.

కొత్త ఇంజిన్‌ను కొంతసేపు నడిపి భాగాల్ని ఒకదానికొకటి అమర్చడాన్ని బ్రేక్-ఇన్ అంటారు. దానికి "మొదటి ట్యాంకులన్నీ బాగా రిచ్‌గా (గాలితో పోలిస్తే ఇంధనం ఎక్కువగా), చల్లగా నడపండి" అన్న పాత సలహా అందుకే ఈ రకానికి చేటు. అవసరానికి మించి లోపలికి వెళ్లే ఇంధనం ఇంజిన్‌ను చల్లబరుస్తుంది, స్లీవ్ విచ్చుకోదు. నిమిషానికి 6,000 చుట్లంటే పిస్టన్ సెకనుకు 100 సార్లు ఆ ఇరుకులోకి దూరి బయటికి రావాలి. ఆ దెబ్బంతా కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను ఇరుసుకు కలిపే కడ్డీ) మీదే. పిస్టన్ చుట్టూ లోహపు రింగు ఉన్న ఇంజిన్లకైతే పాత సలహాయే సరైనది. రింగు అంచు, స్లీవ్ గోడ ఒరుసుకుని నునుపెక్కాలి, ఆ రాపిడి వేడిని అదనపు ఇంధనం మోసుకుపోవాలి. మీ చేతిలో ఉన్నది ఏ రకమో ముందు తెలుసుకోండి.

ఇంధనం మెథనాల్, 5 నుంచి 10 శాతం నైట్రోమీథేన్, 18 నుంచి 20 శాతం నూనె. ఆ నూనెలో కొంతైనా ఆముదం ఉండాలి. ఇంజిన్ పొరపాటున లీనై (ఇంధనం తక్కువై) కాగిపోయినా ఆముదం పొర తొందరగా వదలదు. మసిబారుస్తుందన్నది నిజమే, మసి తుడుచుకోవచ్చు.

7.5 సీసీ (0.46 క్యూబిక్ అంగుళాల) ఇంజిన్‌కు మామూలుగా 11x6 ప్రొపెల్లర్ (వ్యాసం 11 అంగుళాలు, పిచ్ అంటే రెక్క వంపు 6 అంగుళాలు) వాడితే, ఏబీసీ బ్రేక్-ఇన్‌కు 10x6 చాలు. భారం తగ్గి చుట్లు పెరుగుతాయి. ఇంజిన్‌ను దుమ్ము లేని చోట గట్టి స్టాండుకు బిగించండి. ట్యాంకు నడిమి గీత నీడిల్ వాల్వ్ (ఇంధనం మోతాదును సర్దే మర) ఎత్తులోనో, కాస్త కిందనో ఉండాలి. స్టార్టర్ పెట్టేముందు ఒకసారి చేత్తో తిప్పి చూడండి. మామూలు బిగువు బలం పెడితే దాటుతుంది. అసలు కదలకపోతే లోపల ఇంధనం నిండినట్టు. గ్లో ప్లగ్ (ఇంధనాన్ని మండించే ప్లగ్) విప్పి, మొహం పక్కకు పెట్టి, తిప్పి బయటికి పోనివ్వాలి. ఇంధనం నిండి ఉండగానే స్టార్టర్ నొక్కితే రాడ్ వంగుతుంది.

నీడిల్ రెండున్నర నుంచి మూడు చుట్లు తెరిచి స్టార్ట్ చేయండి. సర్దుబాట్లన్నీ ప్రొపెల్లర్ వెనక నుంచే. ఇక చెవి పెట్టండి. బాగా రిచ్‌గా ఉంటే ఇంజిన్ ఒక చుట్టు వదిలి ఒక చుట్టుకు మండుతుంది, బొంగురుగా గురగురమంటుంది. దీన్నే ఫోర్-సైకిల్ అంటారు. నీడిల్ మెల్లగా మూస్తూ పోతే ఒకచోట శబ్దం సన్నగా, తెంపు లేని హోరుగా మారుతుంది. అది టూ-సైకిల్. రింగు ఇంజిన్‌ను మొదట ఫోర్-సైకిల్‌లోనే రెండు మూడు నిమిషాలు నడిపి, ఆపి, చల్లార్చాలి. ఏబీసీని ఒక నిమిషంలోపే టూ-సైకిల్ అంచుకు తెచ్చి, కాస్త రిచ్ వైపే ఉంచి రెండు నిమిషాలు నడిపి, పూర్తిగా చల్లారనివ్వాలి. ఈ వేడెక్కడం, చల్లారడమే అసలు పని. ఇలా పది పదిహేను నిమిషాల నడక పోగయ్యేసరికి చాలా ఏబీసీలు దారికొస్తాయి. రింగు ఇంజిన్లకు అరగంట, ఒక్కోసారి గంట.

అయిందో లేదో తేల్చే పరీక్ష: పూర్తి థ్రాటిల్‌లో గరిష్ఠ వేగానికి లీన్ చేసి 15 సెకన్లు ఆగండి. వేగం నిలకడగా ఉంటే సరే. నెమ్మదిగా జారుతుంటే ఇంకా బిగువుంది, వెంటనే రిచ్ చేయండి. ఎగ్జాస్ట్ నూనెలో మొదట కనిపించే బూడిద రంగు, అంటే లోహపు పొడి, తేటపడటం ఇంకో గుర్తు. గ్లో ప్లగ్ బ్యాటరీ తీయగానే వేగం బాగా పడిపోతే మిశ్రమం ఇంకా రిచ్‌గానైనా ఉంది, ప్లగ్గైనా పాడైంది.

రోజు చివర ఇంధన గొట్టం నొక్కిపట్టి, మిగిలింది మండిపోయేదాకా ఇంజిన్‌ను నడపండి. మెథనాల్ గాలిలోని తేమను లాగుతుంది, తుప్పు మొదట పట్టేది బేరింగులకే. కార్బురేటర్‌లో, ప్లగ్ రంధ్రంలో నాలుగైదు చుక్కల నూనె వేసి కొన్ని చుట్లు తిప్పండి. ఏబీసీని పిస్టన్ పైకొసలో, ఆ బిగువు దగ్గర ఆపి దాచకండి, కిందికి జరిపి పెట్టండి.