"కణం కనబడిందా సార్?": కొత్త కణాల వేటపై కొన్ని అపోహలు

కపిలతీర్థం రోడ్డులో నేను టీ తాగే కొట్టు యజమాని వారానికోసారైనా అడిగే ప్రశ్న ఇది. కణాలను అతివేగంతో ఢీకొట్టించే యంత్రం కొలైడర్. దాని డేటాను విశ్లేషించడం నా పని.

అపోహ: భారీ కణాన్ని డిటెక్టర్‌లో నేరుగా చూస్తారు.

మేము వెతికే కణాల్లో చాలావరకు డిటెక్టర్ తొలి పొరను తాకేలోపే విచ్ఛిన్నమవుతాయి. చిక్కేది వాటి సంతానమే: రెండు మ్యూయాన్లో (ఎలక్ట్రాన్‌కు బరువైన బంధువులు), రెండు ఫోటాన్లో (కాంతి కణాలు). వాటి శక్తిని, దిశను కలిపి లెక్కకట్టి తల్లి కణం ద్రవ్యరాశిని రాబడతాం. గ్రాఫులో నున్నగా దిగివచ్చే వాలు మీద ఎక్కడైనా చిన్న గుట్ట లేచిందా అని చూస్తాం.

అపోహ: గుట్ట లేచిందంటే కణం దొరికినట్టే.

ఈ ఆశ మాకూ ఉంటుంది. 2015 డిసెంబరులో జెనీవా దగ్గరి ఎల్‌హెచ్‌సీ కొలైడర్‌లోని అట్లాస్, సీఎంఎస్ అనే డిటెక్టర్లు రెండింటిలోనూ 750 జీఈవీ (ప్రోటాన్ బరువు సుమారు 1 జీఈవీ) దగ్గర ఫోటాన్ జంటలు కాస్త ఎక్కువ కనిపించాయి. వందల సిద్ధాంత పత్రాలు వచ్చిపడ్డాయి. 2016 ఆగస్టుకల్లా డేటా పెరిగింది, గుట్ట చదునైపోయింది. ఎవరూ తప్పు చేయలేదు. తిరుమలలో రోజువారీ దర్శనాల సంఖ్య చూడండి. ఏడాది పట్టిక అంతా గాలిస్తే, పండుగా సెలవూ లేకుండానే జనం పెరిగిన మంగళవారం ఒకటైనా దొరుకుతుంది. మేమూ వందల చోట్ల గాలిస్తాం కదా! అందుకే 5 సిగ్మా అనే కఠినమైన గణాంక హద్దు దాటాలని అడుగుతాం. ఉత్త యాదృచ్ఛికంగా అంత గుట్ట లేచే అవకాశం సుమారు 35 లక్షల్లో ఒకటి.

అపోహ: కొలైడర్‌లో కృష్ణబిలం పుట్టి భూమిని మింగుతుంది.

కొలైడర్‌లో కంటే ఎక్కువ శక్తి గల కాస్మిక్ కిరణాలు (అంతరిక్షం నుంచి వచ్చే కణాలు) కోట్ల ఏళ్లుగా భూమిని గుద్దుతూనే ఉన్నాయి. చంద్రగిరి కోట ఇంకా అక్కడే ఉంది.

అపోహ: ఏమీ దొరకకపోతే డబ్బు దండగ.

ఈ మాటకు మాత్రం నాకు కోపం వస్తుంది. జెడ్ ప్రైమ్ అనే ఊహాకణం, సరళమైన నమూనాల్లో, సుమారు 5 టీఈవీ (5 వేల జీఈవీ) వరకు లేదని తేలింది. అంటే ప్రోటాన్‌కు 5 వేల రెట్ల బరువు దాకా ఆ దారి మూసుకుపోయింది. సిద్ధాంతకర్తలు ఇక వేరే దారి వెతుక్కోవాలి.

ఆశ చెయ్యి జారి లెక్కను వంచకుండా, పద్ధతి ఖరారయ్యేదాకా గుట్ట లేవగల అసలు చోటులోని డేటాను చూడకుండా మూసే ఉంచుతాం. పోయిన వేసవిలో ఎనిమిది నెలల తర్వాత అలాంటి తెర తీశాం. చుక్కలన్నీ, కొత్త కణం లేకపోతే రావలసిన గీత మీదే బుద్ధిగా కూర్చున్నాయి. ఒక్కచోట రెండు ఘటనలు అదనం. "వాటిని పట్టించుకోకు" అని విద్యార్థికి చెప్పి పంపాను. తలుపు వేసి, ఆ చోటును పెద్దది చేసి మరోసారి చూసుకున్నాకే ఇంటికి బయల్దేరాను.