దెబ్బ తగిలాక వచ్చే మైగ్రేన్: మెడ పట్టిస్తే పోతుందా?

"మేడమ్, నరం మీద నరం ఎక్కింది, జర సరిచేయండి." దిల్‌సుఖ్‌నగర్‌లో నా ఫిజియోథెరపీ క్లినిక్‌కు బండి మీంచి పడ్డవాళ్లు వచ్చి చెప్పే మొదటి మాట ఇది. నరం మీద నరం ఎక్కదు. నొప్పి మాత్రం నిజమే.

అపోహ: చేత్తో సర్దితే మైగ్రేన్ పోతుంది.

పడ్డప్పుడు తలతో పాటు మెడ కూడా అదురుతుంది. మెడ పైభాగంలోని మొదటి మూడు నరాలు మోసుకొచ్చే నొప్పీ, ముఖం నుంచి ట్రైజెమినల్ నరం తెచ్చే నొప్పీ మెదడు కింద ఒకేచోట కలుస్తాయి. అందుకే మెడలోని బాధ కణతలోనో కంటి వెనకో తెలుస్తుంది. మా చేతికి అందేది ఆ మెడే. పుర్రె కింది చిన్న కండరాలను మెల్లగా వదులు చేస్తాం, పై కీళ్లను కొద్దికొద్దిగా కదిలిస్తాం, గడ్డం లోపలికి లాక్కునే వ్యాయామం నేర్పిస్తాం. నన్నడిగితే ఎక్కువకాలం నిలిచేది ఈ చివరిదే. "అవన్నీ ఎందుకు, మీరే పట్టండి" అనేవాళ్లే ఎక్కువ, అది వేరే సంగతి. వెలుతురు పడకపోవడం, కడుపులో తిప్పడం ఉన్న అసలు మైగ్రేన్‌ను చూడాల్సింది న్యూరాలజిస్టు. మాది తోడుగా చేసే సాయం. పరిశోధనలు కూడా అంతకుమించి గట్టిగా చెప్పడం లేదు.

అపోహ: టక్కుమని శబ్దం వస్తే నయమైనట్టే.

ఆ శబ్దం కీలులోని ద్రవంలో గ్యాస్ బుడగది. ఎముక సర్దుకోవడం వల్ల వచ్చేది కాదు. కటింగ్ అయ్యాక, తల మర్దనా అయ్యాక, మెడ కూడా విరిపించుకునే అలవాటు మనవాళ్లకుంది. మెదడుకు రక్తం తీసుకెళ్లే వెర్టిబ్రల్ ధమనులు మెడ ఎముకల రంధ్రాల్లోంచే పోతాయి. ఒక్కసారిగా తిప్పితే, అరుదుగానైనా, లోపలి పొర చీలి గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. దెబ్బ తిన్న మెడలో కనిపించని పగులు కూడా ఉండొచ్చు. నేను విరవను, ఎంత బతిమాలినా.

అపోహ: సీటీ స్కాన్ బాగుంది కాబట్టి నొప్పి నాటకం.

స్కాన్ వెతికేది రక్తస్రావం, పగుళ్లు. మెదడు అదిరినా అందులో తేడా కనిపించకపోవచ్చు. దెబ్బ తగిలిన 7 రోజుల్లోపు మొదలైతే దాన్ని దెబ్బవల్ల వచ్చిన తలనొప్పిగా లెక్కిస్తారు, 3 నెలలు దాటితే మొండిదంటారు.

ఇక నెలరోజులు చీకటిగదిలో పడుకోబెట్టడం, అది కూడా వద్దు. ఒకటి రెండు రోజుల విశ్రాంతి చాలు, తర్వాత మెల్లగా నడక. మెడికల్ షాపులో కొన్న పారాసెటమాల్ నెలలో 15 రోజులు, అలా నెలల తరబడి మింగితే ఆ మాత్రే తలనొప్పి తెస్తుంది.

మళ్లీమళ్లీ వాంతులు, మగత, కాలో చెయ్యో పడిపోవడం, పిడుగులా వచ్చిన నొప్పి ఉంటే నేను ముట్టను, 108కి ఫోన్ చేయిస్తాను. రక్తం పలచబడే మందులు వాడే పెద్దవాళ్లకైతే చిన్నదెబ్బకే లోపల మెల్లగా రక్తం చేరి, వారాల తర్వాత బయటపడుతుంది. అందుకే వాళ్లను నేను అడిగే మొదటి ప్రశ్న "ఏం మందులు వేసుకుంటున్నారు?"