ఆస్కార్ కొరకదు, పీలుస్తుంది

ఒంగోలు నుంచి ఇంటర్ చదివే అమ్మాయి ఒకరు నాకు రాసింది: "మాస్టారూ, రెండు వారాల్లో మా తొట్టిలోని పన్నెండు గప్పీ చేపలు మాయమయ్యాయి. నీళ్లలో రక్తం లేదు, పొలుసు లేదు, ముల్లు లేదు. ఇంటికి రావలసిన కీడును చేపలు మోసుకుపోయాయని అమ్మమ్మ అంటోంది. నిజమేనా?" తొట్టిలో మిగిలింది జానెడు కన్నా కాస్త చిన్నదైన ఆస్కార్ అనే చేప ఒక్కటే.

ఆరోవానాలను, ఫ్లవర్‌హార్న్‌లను వాస్తు చేపలని అమ్మే చోటల్లా ఈ కీడు మాట వినిపిస్తుంది. పెంచుకున్న చేప పోయినప్పుడు ఆ మాట మనసుకు ఊరటనిస్తుంది, కాదనను. కానీ చేప ఎందుకు పోయిందన్న ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. మరుసటి వారం మరో పన్నెండు గప్పీలు అదే తొట్టిలోకి వెళతాయి. నా బాధ అది.

బడిలో చేప అనగానే మొప్పలు, రెక్కలు, గాలితిత్తి చెబుతాం. నోటి గురించి ఒక్క వాక్యం కూడా చెప్పం. చేప శరీరంలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది నోరే!

ఆస్కార్ ఎరను కొరికి పట్టదు. ముందు నోరు తెరుచుకుంటుంది, వెంటనే నోటి అడుగు కిందికి జారుతుంది, ఆ తర్వాత మొప్పల మూతలు పక్కలకు విచ్చుకుంటాయి. ముందు నుంచి వెనక్కి అలలా సాగే ఈ మూడు కదలికలతో నోటి లోపలి ఖాళీ ఒక్కసారిగా పెరుగుతుంది, పీడనం పడిపోతుంది. బయటి నీరు లోపలికి దూకుతుంది, గప్పీ ఆ నీటితోపాటు వస్తుంది. నీరు మొప్పల సందుల్లోంచి వెనక్కి పోతుంది, గప్పీ ఉండిపోతుంది. గొంతులో ఉండే రెండో దవడల జత దాన్ని నలిపి లోపలికి నెడుతుంది. పొలుసు కూడా మిగలకపోవడానికి కారణం ఇదే.

దీపాన్ని అడుగు దూరం నుంచి ఊది ఆర్పవచ్చు. అదే దూరం నుంచి గాలి పీల్చి ఆర్పండి చూద్దాం! ఊదిన గాలి ఒకే దిక్కుగా దూసుకుపోతుంది. పీల్చినప్పుడు మాత్రం గాలి అన్ని వైపుల నుంచీ వస్తుంది కనుక దూరం రెట్టింపైతే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. చేపకూ ఇదే ఇబ్బంది. నోటి వెడల్పంత దూరం దాటితే దాని పీల్పుకు బలం ఉండదు. అందుకే పై దవడ గొట్టంలా ముందుకు సాగి, దీపం దగ్గరికి మూతి చాపినట్టు ఎరను చేరుతుంది. పీల్పు ఎంత బలంగా ఉన్నా, తెరిచిన నోటి కన్నా పెద్దది లోపలికి రాదు.

తోడు చేపను ఎంచే కొలత ఇక్కడే దొరుకుతుంది. చూడవలసింది పొడవు కాదు, వీపు నుంచి పొట్ట వరకు ఉండే ఎత్తు. సన్నటి చేప పొడవుగా ఉన్నా తల ముందుగా నోట్లోకి జారిపోతుంది. పళ్లెంలా గుండ్రంగా ఉండే సిల్వర్ డాలర్ ఆస్కార్ నోట పట్టదు. పైగా రెండూ దక్షిణ అమెరికా నదుల చేపలే. మన చెరువుల్లో పెంచే రూప్‌చంద్ కూడా సిల్వర్ డాలర్‌కు చుట్టమే, ఒళ్లు అంతే వెడల్పు. కానీ అది కిలోల బరువుకు ఎదుగుతుంది, ఇంటి తొట్టికి తగదు. జెల్ల జాతివి వేస్తే మరో ప్రమాదం. వాటి ముళ్లు నిటారుగా లేచి బిగుసుకుంటాయి. మింగబోయిన చేప గొంతుకు అడ్డంపడి రెండూ చావవచ్చు.

ఈ కొలత రోజురోజుకూ మారుతుంది. 5 సెంటీమీటర్ల ఆస్కార్ పిల్ల 25 సెంటీమీటర్లకు పెరిగితే నోటి వైశాల్యం 25 రెట్లు, బరువు సుమారు 125 రెట్లు అవుతుంది. కొరమీను పెంచే రైతులకు ఈ లెక్క అనుభవంతో తెలుసు. పిల్లలను సైజుల వారీగా వేరు చేయకపోతే ఎదిగిన పిల్ల ఎదగని తోబుట్టువును మింగేస్తుంది.

నీటి సంగతి నెల్లూరు తీరంలో రొయ్యల రైతును అడిగితే నాకన్నా బాగా చెబుతాడు. బరువు పెరిగిన కొద్దీ మొప్పల నుంచి వెలువడే అమ్మోనియా పెరుగుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి చేరితే అందులో విషపు రూపం వాటా దాదాపు పది రెట్లవుతుంది. నోట పట్టని చేపలైనా చిన్న తొట్టిలో కలిసి బతకలేవు.

మేత వేసేటప్పుడు ఫోనులో సెకనుకు 240 ఫ్రేములతో వీడియో తీయమని ఆ అమ్మాయికి చెప్పాను. తీసి పంపింది. నాలుగో ఫ్రేములో గుళిక నీళ్లలో ఉంది, పదో ఫ్రేముకు లేదు. అంటే సెకనులో నలభయ్యో వంతు! అద్దానికి స్కేలు ఆనించి చూస్తే తెరిచిన నోరు రెండున్నర సెంటీమీటర్లు తేలింది. గప్పీ ఎత్తు సెంటీమీటరు కూడా ఉండదు. అమ్మమ్మ ఆ వీడియోను మూడుసార్లు వేయించుకుని చూసిందట.

వాళ్ల తొట్టి పొడవు మూడడుగులు. ఆస్కార్ ఒక్కదానికే అది త్వరలో ఇరుకవుతుంది కనుక సిల్వర్ డాలర్ల ఆలోచన ఆరడుగుల తొట్టి కొనే వరకు వాయిదా వేయమన్నాను. కొత్త గప్పీలు ఇప్పుడు వేరే తొట్టిలో ఉన్నాయి.