మబ్బు ఎత్తు చెప్పే స్టీలు గిలాస

వరంగల్ పక్కన మామునూరులో మళ్లీ విమానాలు దిగుతాయన్న మాట విన్నప్పటి నుంచి మా పక్కింటి ఇంటర్ పిల్లవాడిది ఒకటే ప్రశ్న: "అన్నా, మబ్బు ఎంత ఎత్తుల ఉందో పైలట్లకు ఎట్ల తెలుస్తది?"

లేజర్ కిరణాన్ని పైకి వదిలి కొలిచే సీలోమీటర్లున్నాయి. వాటి సంగతి పక్కన పెడదాం. నాకు ప్రాణం గిలాస లెక్క.

స్టీలు గిలాసలో నీళ్లు పోసి, థర్మామీటరు పెట్టి, ఐసు కొద్దికొద్దిగా వేస్తూ కలపండి. బయటి మెరుపు మసకబారగానే నీళ్లు ఎన్ని డిగ్రీలున్నాయో చూడండి. దాదాపు అదే తుషార స్థానం, అంటే గాలిలోని ఆవిరి నీటిచుక్కలుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. పైలట్ల మాటలో డ్యూ పాయింట్. లోపలి నీళ్లే బయటికి ఊరాయని రాసే పిల్లలు ఎందరో! నీళ్లలో రంగు కలిపి చూపించండి, బయటి తడికి రంగుండదు. పాఠం చెప్పే పనే లేదు. నీళ్లు చల్లబరిచే మట్టి రంజన్‌తో మాత్రం ఇది కుదరదు. దాని తడి నిజంగానే లోపలి నుంచి ఊరింది. పైగా ఆవిరవుతూ చల్లబడే నీళ్లు తడి బల్బు ఉష్ణోగ్రత (తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేది) దగ్గరే ఆగుతాయి, డ్యూ పాయింట్ దాకా దిగవు.

ఆకాశంలో ఐసు లేదు. ఎండకు కాగిన నేల మీది గాలి పైకి లేస్తుంది, పైన ఒత్తిడి తక్కువ కాబట్టి ఉబ్బుతుంది, ఉబ్బడానికి తన వేడినే ఖర్చు పెడుతుంది. కిలోమీటరుకు 9.8 డిగ్రీలు తగ్గుతుంది. ఉబ్బిన గాలిలో ఆవిరీ పలచబడుతుంది గనుక డ్యూ పాయింట్ కూడా కిలోమీటరుకు 1.8 డిగ్రీల చొప్పున జారుతుంది. అంటే రెంటి మధ్య తేడా కిలోమీటరుకు 8 డిగ్రీలు కరుగుతుంది. ఒక్కో డిగ్రీ తేడాకు 125 మీటర్లు, పైలట్ల లెక్కలో 400 అడుగులు. తేడా సున్నా అయిన చోట గిలాస మసకబారినట్టే గాలి మసకబారుతుంది. దూదిమబ్బు అడుగు గీత గీసినంత చదునుగా ఉండేది అందుకే!

చెరువులు నిండి నాట్లు పడ్డాక ఓ మధ్యాహ్నం 31 డిగ్రీలు, డ్యూ పాయింట్ 24 అనుకోండి. తేడా 7, మబ్బు అడుగు 875 మీటర్లు. ఇది నేల నుంచి ఎత్తు. ఎత్తు చూపే ఆల్టిమీటరును సముద్ర మట్టానికి సరిచేసుకున్న పైలట్, వరంగల్ నేల ఎత్తు దాదాపు 270 మీటర్లు కలుపుకోవాలి. ముసురు మబ్బులకు ఈ లెక్క వర్తించదు. అవి మన నేల వేడికి పుట్టినవి కావు.

మే నెలలో 42, 18 ఉంటే? తేడా 24, మబ్బు అడుగు 3000 మీటర్ల ఎత్తున. అక్కడి నుంచి రాలే చినుకులు పొడిగాలిలో దారిలోనే ఆవిరై, ఆ గాలిని చల్లబరిచి బరువెక్కిస్తాయి. అది ఒక్కసారిగా కిందికి విరుచుకుపడుతుంది. వాన చుక్క లేకుండా మామిడికాయలు రాల్చే గాలిదుమారం చాలాసార్లు ఇదే. దిగబోయే పైలట్‌కు ఇది మబ్బు కన్నా పెద్ద గండం.