98 శాతం తగ్గింది, అయినా రోగులు పడిపోతూనే ఉన్నారు

గోసురనెమాబ్ అనే యాంటీబాడీ మందు పరీక్షలో ఒక అంకె నన్ను చాలా రోజులు వదల్లేదు. రోగుల వెన్నులోంచి తీసిన ద్రవంలో, మందుకు చిక్కకుండా మిగిలిన టౌ ప్రోటీన్ 98 శాతం తగ్గిపోయింది. అయినా ఏడాది తిరిగేసరికి మందు ఎక్కించుకున్నవాళ్ల జబ్బు స్కోరు సగటున 10.4 పాయింట్లు ముదిరింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లది 10.6. తేడా లేనట్టే.

ఆ జబ్బు ప్రోగ్రెసివ్ సూప్రాన్యూక్లియర్ పాల్సీ, పొట్టిగా పీఎస్‌పీ. 1964లో టొరంటో వైద్యులు దీన్ని వివరంగా రాశారు. మనిషి ఉన్నట్టుండి వెనక్కి పడిపోతాడు. కనుగుడ్లు కిందికి తిరగవు. కంచంలో అన్నం చూసుకోవడం, మెట్లు దిగడం కూడా కష్టమే. చాలామందికి మొదట పార్కిన్సన్స్ అని చెబుతారు. దీన్ని ఆపే మందు లేదు. అల్జైమర్స్‌లో టౌతో పాటు అమిలాయిడ్ అనే మరో ప్రోటీన్ కూడా పేరుకుంటుంది. పీఎస్‌పీలో మాత్రం అసలు దోషి టౌయే. టౌ మీద మందును పరీక్షించడానికి ఈ జబ్బును ఎంచుకోవడం సరైన ఆలోచనేనని నేను ఇప్పటికీ నమ్ముతాను.

టౌ పుట్టుకతో చెడ్డది కాదు. పందిరి గుంజలకు కట్టిన తాళ్లలా నాడీకణంలోని సన్నని గొట్టాలను అంటిపెట్టుకుని వాటిని నిలబెడుతుంది. అది ఊడి, వంకర తిరిగి, తోటి టౌను కూడా తన రూపంలోకి లాగుతూ పోగులుగా అల్లుకుంటే జబ్బు. ఈ పాడు రూపం మెదడులో ఒక చోటి నుంచి మరో చోటికి పాకుతుందని 2009లో ఎలుకల్లో చూపించారు. దారిలో యాంటీబాడీ కాపు కాస్తే చాలన్నది లెక్క. ఎలుకల్లో ఆ లెక్క కుదిరింది. 486 మంది మనుషుల్లో కుదరలేదు.

ఎందుకన్నదానికి ఒక ఆధారం 2017లో దొరికింది. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు అల్జైమర్స్ రోగి మెదడులోని టౌ పోగును నమూనాను గడ్డకట్టించి చూసే క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు. టౌ అంటే 441 అమైనో ఆమ్లాల గొలుసు. అందులో 306 నుంచి 378 దాకా ఉన్న ముక్కే బిగుసుకుని పోగుకు నడుమ కూర్చుంది. పీఎస్‌పీ పోగు మడత వేరైనా, దాని నడుమ భాగం కూడా దాదాపు ఆ ప్రాంతమే. గోసురనెమాబ్ పట్టుకునేదేమో గొలుసు మొదటి కొసను. ద్రవంలో తేలేవాటిలో ఆ కొస ఉన్న ముక్కలే ఎక్కువ. మందు వాటిని నిజంగానే ఊడ్చేసింది, పరీక్ష కొలిచింది కూడా వాటినే. పుట్ట మీద కొడితే పాము చస్తుందా? పైగా టౌలో అధిక భాగం కణం లోపలే ఉంటుంది, రక్తంలోకి ఎక్కించిన యాంటీబాడీలో మెదడు చేరేది వెయ్యో వంతు ప్రాంతమే.

మందు దేన్ని పట్టుకుందో ఆ 98 శాతం చెప్పింది. జబ్బును పాకించే శక్తి ఎంత తగ్గిందో చెప్పలేదు. నా దృష్టిలో ముందు కొలవాల్సింది ఆ శక్తినే. రోగి నమూనాను ప్రయోగశాల కణాల మీద వేసి, వాటిలో కొత్త పోగులు మొలుస్తాయో లేదో చూసే పద్ధతి ఉంది.

గొలుసు మధ్య భాగాన్ని పట్టుకునే బెప్రనెమాబ్ అనే మరో యాంటీబాడీ ఫలితాలు 2024లో వచ్చాయి. అల్జైమర్స్ రోగుల్లో ప్రధాన లక్ష్యాన్ని అది అందుకోలేదు. కానీ పెట్ స్కాన్‌లో టౌ పేరుకునే వేగం తగ్గింది. మెదడులోని పోగుల్లోనే మార్పు కనిపించడం నాకు ఆశ కలిగిస్తోంది. పీఎస్‌పీ రోగులకు ఆ స్కాన్ కూడా అంతగా అక్కరకు రాదు. ఆ స్కాన్‌లో అల్జైమర్స్ టౌను వెలిగించే ఫ్లోర్‌టౌసిపిర్ అనే రసాయనం పీఎస్‌పీ రోగుల టౌకు సరిగా అంటుకోదు.