మంచు దూది కాదు: చిన్న విమానాల విషయంలో అపోహలు - వాస్తవాలు

మాది నెల్లూరు జిల్లా కోవూరు. అమెరికాలో మిన్నెసోటాలో ఒక చిన్న ఎయిర్‌పోర్టులో మెకానిక్‌గా చేస్తున్నా. సంక్రాంతికి ఇంటికొస్తే మా మామయ్య, ఆయన స్నేహితులు బయట నిలిపిన విమానాల మీద పడే మంచు గురించి ఇవే ప్రశ్నలు అడుగుతారు. పైలట్ ట్రైనింగ్‌కి వచ్చే మన పిల్లలు కూడా ఇవే అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా.

అపోహ: "మంచుకు బరువేముంటుంది అబ్బయ్యా, దూదిలాంటిదేగా!"

వాస్తవం: మన లెక్కలోనే చెప్తా. పుట్టి వడ్లంటే 850 కిలోలు. నలుగురు కూర్చునే సెస్నా 172 ఖాళీగా అంత కూడా తూగదు, సుమారు 760 కిలోలే. దాని రెక్క వైశాల్యం 16 చదరపు మీటర్లు. ఘనపు మీటరుకు 100 కిలోలు తూగే పొడి మంచు అడుగు మందాన పడినా రెక్క మీద దాదాపు ఐదు క్వింటాళ్లు చేరుతుంది, తడి మంచయితే దానికి రెండు మూడింతలు.

రెక్క విరుగుతుందేమోనని అందరికీ టెన్షన్, కానీ ముందు దెబ్బతినేది తోక. అది పెద్ద చక్రాలకు చాలా వెనక ఉంటుంది కాబట్టి, ఏతాం చివర మనిషి నిలబడితే ఎలా వాలుతుందో, తోక మీద మంచు పేరుకుంటే విమానం అలాగే వెనక్కి వాలిపోతుంది. ఒకరోజు తెల్లవారుజామున వెళ్లి చూస్తే ప్రొపెల్లర్ ఆకాశం వైపు చూస్తోంది, తోక కింద తాడు కట్టే రింగు మంచులో కూరుకుపోయి ఉంది. కొత్తగా చేరిన కుర్రాడు చీపురు తీసుకుని తోక మీది మంచంతా ఒక్కసారే తోసేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను, ఎందుకంటే ఆ బరువు ఒక్కసారిగా పోతే ముక్కు ధడేల్‌మని కింద పడి ముందు చక్రం స్ట్రట్ (చక్రాన్ని మోసే కాలు), ప్రొపెల్లర్ దెబ్బతింటాయి. ఇద్దరం తోకను గట్టిగా పట్టుకుని, మూడో మనిషి మంచు తీస్తుంటే మెల్లగా దించాం. ఇంకా వెనక్కి వాలని విమానాలకైతే ముందు తోక శుభ్రం చేయాలి, రెక్కలు తర్వాత.

అపోహ: విమానం రన్‌వే మీద పరుగెత్తితే మంచు దానంతటదే ఎగిరిపోతుంది.

వాస్తవం: పైపైన ఉన్న పొడి మాత్రమే ఎగురుతుంది, అడుగున అతుక్కున్నది అలాగే ఉంటుంది. గరుకు కాగితమంత (శాండ్‌పేపర్) మందాన మంచు పొర ఉన్నా చాలు, లిఫ్ట్, అంటే విమానాన్ని పైకి లేపే బలం, 30 శాతం దాకా తగ్గి, డ్రాగ్, అంటే వెనక్కి లాగే గాలి నిరోధం, 40 శాతం దాకా పెరగొచ్చు. 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో ఎయిర్ ఫ్లోరిడా విమానం కూలి 78 మంది చనిపోయారు, రెక్కల మీద మంచుతోనే టేకాఫ్ చేయడం దాని కారణాల్లో ఒకటి. అది పెద్ద జెట్. చిన్న విమానం సంగతి వేరే చెప్పాలా?

అపోహ: వేడినీళ్లు పోస్తే పోతుంది.

వాస్తవం: దయచేసి పోయొద్దు. ఆ నీళ్లు కీళ్ల సందుల్లోకి దిగి అక్కడే గడ్డకడతాయి, ముందు అద్దం ప్లాస్టిక్‌ది కాబట్టి పగుళ్లిస్తుంది. మెత్తటి బ్రష్షు, మంచు కరిగించే గ్లైకాల్ ద్రవం, లేదంటే వెచ్చటి హ్యాంగర్ (విమానాల షెడ్డు) వాడాలి. హ్యాంగర్‌లో కరిగించినా పూర్తిగా ఆరాకే బయటికి లాగాలి.

అంతా అయ్యాక తోక మీది ఎలివేటర్‌ని (విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే కదిలే రెక్కని) చేత్తో పైకీ కిందికీ చివరిదాకా కదిపి చెవి పెట్టి వింటాను. ఎక్కడన్నా కరకరమందంటే ఆ విమానాన్ని కదలనివ్వను.